అతికిన గీత

అక్క బయలుదేరిందట. ఫోను పెట్టేశాక కూడా అతను దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు, అవతలినుంచి మళ్లీ ఎవరైనా, అబ్బే, ఊరికే అన్నాం, రావడం లేదులే అంటారేమోనని. ఎవరూ అనలేదు. "అమ్మ నీ షెడ్డు చూస్తానంటోంది మామయ్యా, ఎంత చెప్పినా వినట్లేదు, చెప్పులు కూడా వేసేసుకుంది" అని మేనకోడలు అన్న మాటే చెవిలో తిరుగుతోంది. చెప్పులు వేసుకున్న అక్కని వెనక్కి తిప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. వంతెన దగ్గర బళ్లు ఆగిపోతే గంట పడుతుంది, ఆగకపోతే ఇంకా ముందే వచ్చేస్తారు, ఆగిపోతే బాగుండును, ఏదో ఒక లారీ అడ్డం తిరిగి కదలకుండా కూర్చుంటే బాగుండును, ఛీ, ఏం ఆలోచనరా ఇది, ఆ బండిలో ఉన్నది అక్క. కుడివైపు పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఇల్లు దాటి ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ వెళ్లని అక్క. ఇవాళ వచ్చి ఈ షెడ్డు మధ్యలో నిలబడి ఈ గోడ చూస్తుంది. గోడ నిండా ఉన్నవి ఆవిడ చేతి గీతలే. ఆ సంగతి ఆవిడకి అతను ఇంతవరకూ చెప్పలేదు.

నేలనుంచి కప్పుదాకా కాగితాలు, అన్నీ బొగ్గుతో వేసినవే, ఒక్కో గీత మనిషంత ఎత్తు. కొన్ని వంగి లేస్తాయి, కొన్ని లేవబోయి ఆగిపోతాయి, ఒక సున్న తను మొదలైన చోటికి తిరిగి రాలేక పక్కకి జారిపోతుంది. చదవడానికి ఏమీ ఉండదు, అయినా ఎవరో ఏదో రాయబోయారని ఎవరికైనా తెలిసిపోతుంది. కంచులో పోయబోయే శిల్పానికి ఇవి చిత్తుబొమ్మలు. గ్రంథాలయం కమిటీ పెద్దమనిషి వీటి ముందు నిలబడి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఏ భాషకీ చెందని లిపి" అన్నాడు, పక్కవాళ్లు ఆహా అన్నారు, అతను కూడా తల ఊపాడు. ఊపకుండా ఉండాల్సింది. అదేం కాదండీ, ఇది ఒక మనిషి రాత, ఆవిడకి పేరుంది, ఇల్లుంది, మాట పడని నోరుంది అని చెప్పాల్సింది. చెబితే ఎక్కడ వద్దంటారోనని మింగేశాడు. ఇన్నేళ్ల బతుకంతా హోటళ్ల ముందు సింహాలు చెక్కడం, పోయినవాళ్ల ఫొటో చూసి వాళ్ల తలలు చెక్కడం, ముక్కు మా నాన్న ముక్కులా లేదంటూ కొడుకులు పేచీ పెడితే మళ్లీ ఆ ముక్కు చెక్కడం. నా పని అని చూపించుకోడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇదిగో ఇప్పుడు, గ్రంథాలయం ముందు, మెట్లెక్కే ప్రతివాడూ తలెత్తి చూసేంత ఎత్తున. మైనంతో చేసిన నమూనా పోత మేస్త్రీ దగ్గర సిద్ధంగా ఉంది. రేపు దానిమీద మట్టి పూత మొదలుపెడతాడు. పూత పడిందంటే ఇక దాన్ని మార్చేది లేదు, మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కంచు వెళుతుంది.

తీసేయనా? ఒక్కొక్కటే మేకులు పీకి చుట్టేస్తే వాళ్లొచ్చేలోగా గోడ ఖాళీ. సింహాల బొమ్మలు పెట్టేయొచ్చు. అతను నిచ్చెన జరిపి, ఎక్కి, జారిపోయే సున్న ఉన్న కాగితం మూల మేకు పీకాడు కూడా. కాగితం సగం ముందుకి వాలి, వేసిన బొగ్గులో కొంత పొడి చేతిమీద రాలింది. ఆ పొడి చూస్తే అక్క రాతనే రాల్చినట్టనిపించింది. మళ్లీ మేకు అక్కడే కొట్టి దిగాడు. దిగాక అనిపించింది, పిరికివెధవా, పెట్టినా పిరికితనమే, తీసినా పిరికితనమేనా నీకు? ఇవాళ దాచేస్తే రేపు గ్రంథాలయం ముందు ఎలా దాస్తావు? మేనకోడలు ఆవిడని చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఆ దారినే ఆసుపత్రికి వెళుతుంది. అక్క తలెత్తుతుంది. తన వంకర గీతని రెండు అంతస్తుల ఎత్తున చూస్తుంది. తన చేతికి పట్టిన అవస్థని ఊరంతా నిలబడి మెచ్చుకుంటుంటే వింటుంది. అలా తెలియడం కంటే ఇవాళ తెలియడమే నయం. కాదు, అసలు తెలియకుండా ఉండడం ఇంకా నయం. గుర్తుపట్టకపోవచ్చు కదా. చిన్న కాగితం మీద గీసింది ఇంత పెద్దదైతే ఎవరు గుర్తుపడతారు? అవి పక్షులక్కా అనొచ్చు. అవి తీగలక్కా. ఊరికే అలా గీశానక్కా, ఈ కాలంలో ఇలాంటివే అడుగుతున్నారు. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు ఎడమ చెవి గోక్కుంటావురా అని అక్క చిన్నప్పుడే కనిపెట్టి పెట్టింది. అందుకని ఇప్పుడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గోడతో, "అవి పక్షులక్కా" అని చెప్పి చూశాడు.

అక్క రాత. ఒకప్పటి రాత. బడిలో నల్లబల్ల మీద అక్క రాస్తుంటే వెనక్కి తిరిగి చూసుకునేది కాదు, పిల్లలు అల్లరి చేస్తే వీపుతోనే కసిరేది, చెయ్యి మాత్రం ఈ చివరనుంచి ఆ చివరకి తాడు పట్టి లాగినట్టు పోయేది. బడి గోడమీద రాయాల్సిందేదున్నా, బహుమతుల కాగితాలమీద పిల్లల పేర్లు రాయాలన్నా, అందరూ అక్క దగ్గరికే. అతని రాత మాత్రం కోడి కెలికినట్టుండేది. పక్కన కూర్చోబెట్టుకుని, అతని గుప్పిటమీద తన గుప్పిట వేసి, "ఒరే మసిగాడా, అక్షరాన్ని తరమకు, అదే వస్తుంది, నువ్వు దారివ్వు చాలు" అనేది. మసిగాడు అనే పేరు కూడా అక్క పెట్టిందే. పొయ్యిలో బొగ్గు తీసి ఇంటి వెనక గోడంతా గీసేవాడని. అమ్మ కర్ర తీస్తే అక్క అడ్డం వచ్చి, ముందు ఆ గుర్రానికి నాలుగో కాలు సరిగ్గా వేయరా, తర్వాత తన్నులు తిందువుగాని అనేది. దిద్దడం అంటే అక్కకి అంత పిచ్చి. పక్క వీధి అమ్మాయికి అతను రాసిన ఉత్తరం దొరికితే నాన్నకి ఇవ్వలేదు, ఎర్ర సిరాతో తప్పులన్నీ దిద్ది, అడుగున ఇంకాస్త శ్రద్ధ అవసరం అని రాసి, అతని దిండు కింద పెట్టింది. నవ్వు వచ్చింది, వచ్చిన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అలాంటి చెయ్యి. ఆసుపత్రినుంచి వచ్చిన రోజు మంచం మీద, ఎవరిదో వస్తువు పొరపాటున పక్కన పెట్టి మర్చిపోయినట్టు పడి ఉంది. అతను దాన్ని పట్టుకోబోతే అక్క దుప్పటి కప్పేసుకుంది.

రోజూ రాయండి, ఆ చేత్తోనే రాయండి అన్నాడట డాక్టరు. రాస్తోంది. తలుపు వేసుకుని రాస్తోంది. కూతురికి కూడా చూపించదు. రాసిన కాగితాన్ని మడిచి, వంటింటి చెత్తబుట్టలో కూరగాయల తొక్కల కింద దూరుస్తుంది. ఒకరోజు చెత్త పారబోద్దామని అతను బుట్ట ఎత్తితే అడుగున తడిసిన కాగితం. విప్పాడు. ఒక సున్న, రెండు గీతలు, మళ్లీ సున్న. అక్క పడుతున్న బాధకి జాలి కలగాల్సింది, కలిగింది కూడా, అబద్ధం ఎందుకు, కానీ దాని వెనకే, ఇంకా జాలి పూర్తిగా లేవకముందే, శిల్పి అనేవాడు ఒకడు లోపల లేచి కూర్చున్నాడు. అబ్బ, ఏం గీతరా ఇది అన్నాడు వాడు. ఈ ముప్పయ్యేళ్లలో నువ్వు ఒక్కటి గీయగలిగావా ఇలాంటిది అన్నాడు. ఆ కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకుని వచ్చేశాడు. అప్పట్నుంచి అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడల్లా చెత్త అతనే పారబోస్తున్నాడు. మామయ్యకి ఎంత ప్రేమో అంటుంది మేనకోడలు. మొదట్లో కాగితాలకి తొక్కల మరకలు ఉండేవి, ఇంటికి తెచ్చి, గుడ్డతో అద్ది, ఇస్త్రీపెట్టె కింద సాఫు చేసుకునేవాడు. ఈమధ్య శుభ్రంగానే దొరుకుతున్నాయి, అదృష్టం. అదృష్టమట. దొంగకి తెరిచిన తలుపు దొరకడం కూడా అదృష్టమే. జాలి ఎక్కడ ఆగిందో, దోచుకోవడం ఎక్కడ మొదలైందో ఎంత వెతుక్కున్నా అతనికి దొరకదు.

ఫోను మోగితే పైప్రాణాలు పైనే పోయాయి. పోత మేస్త్రీ. "రేపు పొద్దున్నే పూత మొదలెట్టేస్తానండీ. మార్పులేవైనా ఉంటే ఇవాళే చెప్పేయండి, రేపొచ్చి అయ్యో అంటే నేనేం చేయలేను" అన్నాడు. మార్పులేం లేవన్నాడు అతను. సాయంత్రం మళ్లీ చేస్తానన్నాడు. రెండూ ఎందుకన్నాడో అతనికే తెలియదు. మేస్త్రీ సరేనండీ అని పెట్టేశాడు. అక్క వద్దంటే ఆపేస్తాను. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నాడో. ఆపేస్తావా? నిజంగా? కమిటీకి ఏం చెబుతావు, మా అక్క కోప్పడిందండీ అని చెబుతావా? ఆపేస్తాను. మళ్లీ సింహాలు చెక్కుకుంటావా? చెక్కుకుంటాను. ఆపలేనేమో. అక్క ముఖం మీదే, ఇది నీది కాదక్కా, నాది అని అనేస్తానేమో. అలా అనగలిగిన మనిషి తనలో ఉన్నాడని, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడని తెలుస్తూనే ఉంది. వాడంటే భయం వేసింది.

కానీ కష్టపడలేదా తను? మొదట్లో ఆ వణుకు చేత్తో తెద్దామని చూశాడు, నాటకంలో కుర్రాడు తెల్లగడ్డం అంటించుకుని ముసలాడిలా వణికినట్టు వచ్చింది, చించేశాడు. తర్వాత పొడుగాటి కర్ర తీసుకుని, దాని చివర బొగ్గు కట్టి, గోడకి దూరంగా నిలబడి గీశాడు. కర్ర మాట వినదు. ఇటు పొమ్మంటే అటు పోతుంది, భుజం లాగేస్తుంది, నువ్వు రాయాలనుకున్నది ఒకటి, కాగితం మీద పడేది ఒకటి. అప్పుడు కొంచెం తెలిసింది అక్క ఆ గదిలో తలుపు వేసుకుని ఏం చేస్తోందో. కొంచెమే. అలా గీసినవే ఇవన్నీ, ఆ మధ్యలో పెద్దదానిలో ఒక్క చోటు తప్ప. మధ్యలోదే కమిటీ ఎంచుకున్నది, మేస్త్రీ దగ్గర మైనంలో ఉన్నది. కిందనుంచి లేచి, వంగి, మళ్లీ పైకి పోయే గీత. అక్క కాగితంలో అది వంపు దగ్గర తెగిపోయి ఉంది. పెన్ను ఆడలేదేమో, సిరా అందలేదేమో. కింద ముక్క ఇక్కడ ఆగింది, పైముక్క కొంచెం పక్కకి జరిగి మళ్లీ మొదలైంది. అలా తెగితే పైది గాల్లో ఎలా నిలుస్తుందండీ అన్నాడు మేస్త్రీ మొదటిరోజే. నిజమే కదా. కర్ర పక్కన పెట్టి, దగ్గరికి వెళ్లి, బొగ్గు చేత్తోనే పట్టుకుని ఒక్క ఊపులో రెండింటినీ కలిపేశాడు. ఎంత నున్నగా కలిసిందో. అందరికీ నచ్చింది ఆ వంపే. అతనికీ నచ్చింది. అక్క కూడా ఒప్పుకోవాలి, ఒకప్పటి తన రాతలా ఉంటుంది ఆ ఒక్క చోట.

బండి ఆగిన చప్పుడు. వంతెన దగ్గర ఏ లారీ అడ్డం తిరగలేదు. తలుపు తీసిన చప్పుడు, కుర్చీ దించిన చప్పుడు, "నేను నడుస్తానే, వదులు" అన్న గొంతు. ఆ గొంతులో మాట కాస్త ముద్దగా వస్తున్నా పెత్తనం ఎక్కడా తగ్గలేదు. షట్టరు కిందనుంచి వంగి రాకూడదని అతను పరిగెత్తి దాన్ని పూర్తిగా ఎత్తాడు. ఎడమచేత్తో కూతురి భుజం పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ అక్క లోపలికి వచ్చింది. వస్తూనే తమ్ముడి ముఖం చూసి, "ఏరా మసిగాడా, అన్నం తిన్నావా, మానేశావా?" అంది. తిన్నానక్కా అన్నాడు. చెయ్యి దానంతటదే ఎడమ చెవి దగ్గరికి పోయింది. అక్క నవ్వలేదు. అప్పటికే ఆవిడ గోడ చూస్తోంది.

చాలాసేపు చూసింది. ఈ చివర్నుంచి మొదలుపెట్టి, ఒక్కోదాని ముందూ ఆగుతూ, పిల్లల పరీక్ష కాగితాలు చూసినట్టు. పక్షులు అనే మాట నోటిదాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది. జారిపోయే సున్న దగ్గర అక్క ఆగి, "ఇది వర్షం వచ్చిన రోజుది" అంది.

"అక్కా, చెబుదామనే..." అన్నాడు.

"ఏం చెబుతావు? కాఫీ తాగిన కప్పు కడగనివాడివి, వచ్చినప్పుడల్లా మా చెత్తబుట్ట పట్టుకుని ఉరుకుతుంటే నాకు అనుమానం రాదట్రా? చెయ్యి పోయింది కానీ బుర్ర పోలేదు నాకు."

"నీకు తెలుసా?"

"తెలియకేం. తొక్కల కింద పెట్టడం మానేసి పైన పెడుతున్నానుగా ఈమధ్య. అదన్నా గమనించావా లేదా?"

మేనకోడలు, "అమ్మా!" అంది. అతను అక్కడున్న ఎత్తుపీట మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ గుండెల మీద మోసిన బండరాయిని ఎవరో వచ్చి చేత్తో తీసి పక్కన పెట్టినట్టయింది. ఏడుపు వచ్చింది, సిగ్గుగా కూడా ఉంది, ఇంతేనా, ఇంతేనా, దీనికా ఇంత భయపడ్డాను? అక్కకి కోపం లేదు. రేపు పూత మొదలుపెట్టొచ్చు. ముఖం తుడుచుకుంటే మసి అంటుకుంది. అక్క మాత్రం అతనికేసి చూడడం లేదు. మధ్యలో పెద్దదాని దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. దగ్గరికి జరిగింది. మళ్లీ వెనక్కి జరిగింది.

"ఇది నాది కాదు" అంది.

"నీదేనక్కా. చిన్నది ఇంట్లో ఉంది, చూపిస్తాను. దీన్నే కంచులో పోస్తున్నారు."

"కాదన్నానా. మిగతావన్నీ నావే. ఇది కాదు." ఎడమచెయ్యి ఎత్తి వంపు దగ్గర వేలు పెట్టింది. వేలికి మసి అయింది. "ఇక్కడ నా చెయ్యి కింద పడిపోయింది. బల్ల మీదనుంచి జారి ఒళ్లో పడిపోయింది, పెన్ను నేలమీద పడింది. వంగి పెన్ను తీసుకున్నాను. తర్వాత ఇదిగో, ఈ చేత్తో ఆ చేతిని పట్టుకుని ఎత్తి, మళ్లీ కాగితం మీద పెట్టుకున్నాను. అప్పుడు రాశాను ఆ పైది. ఆరోజు అంతకంటే ఏం చేయలేకపోయాను. చేసినంతలో అదే నేను చేసింది. అదేదిరా ఇందులో?"

అతను చూశాడు. నున్నటి వంపు. సిరా అందలేదనుకున్న చోటు. ఆ గదిలో తలుపు వెనక అక్క తన చేతిని తనే ఎత్తి పెట్టుకుంటున్న చోటు. దాన్ని ఒక్క ఊపులో పూడ్చేసి, అందరూ మెచ్చుకుంటే తల ఊపాడు.

"అలా తెగితే అది నిలబడదక్కా. పైముక్క గాల్లో..."

"దిద్దావన్నమాట."

"అది కాదక్కా, మేస్త్రీ కూడా..."

"నిలబెట్టడం నీ పని రా. నా పని నేను చేశాను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. ఇంతసేపూ అక్క తిట్టడం, ఏడవడం, తలుపు విసిరి కొట్టి వెళ్లిపోవడం అన్నీ ఊహించుకున్నాడు, అన్నిటికీ ఒక జవాబు తయారుచేసుకున్నాడు. అక్క వద్దనడం లేదు. వద్దంటే ఎంత సులువయ్యేది. రెండు ముక్కలుగా ఆ కంచు ఎలా నిలుస్తుందో అతనికి తెలియదు. కమిటీ ఒప్పుకుంటుందో లేదో తెలియదు, ఒప్పుకోకపోతే ఇంకొకరిని పిలుచుకుంటారు, గ్రంథాలయం ముందు ఇంకెవరిదో లేస్తుంది. ఫోను తీశాడు. వేళ్ల మసికి అది జారుతోంది.

"మేస్త్రీగారూ, పూత మొదలుపెట్టకండి. వంపు దగ్గర మైనం కోసేయాలి."

"కోసేస్తే పైది పడిపోతుంది కదండీ! ఎలా నిలబెడతారు?"

"తెలీదు. రేపొచ్చి మీ దగ్గర కూర్చుంటాను. అప్పటిదాకా ముట్టుకోకండి."

అవతల ఆయన ఏదో అంటూనే ఉన్నాడు, అతను పెట్టేశాడు. అరచెయ్యి చొక్కాకి తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్లి, తను అతికిన చోట అరచేత్తో అద్ది తుడిచాడు. నలుపు బూడిదరంగయింది. మళ్లీ తుడిచాడు. కింద ముక్కకీ పైముక్కకీ మధ్య కాగితం కొంచెం కనిపించింది. ఇది చాలునా అన్నట్టు అక్కకేసి తిరిగాడు. మేనకోడలు కుర్చీ తెచ్చి వేస్తే అక్క కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంటోంది.

"ఇంకొంచెం తుడువు" అంది. "నాకు చాలాసేపు పట్టింది."